చెయ్యి ఒకరిది, పేరు మరొకరిది

పద్దెనిమిదో శతాబ్దం చివరి దశకం నుంచి 1819 వరకూ న్యూయార్క్‌లోని మన్‌హాటన్‌లో థామస్ కొమెరా అనే కుమ్మరి గట్టిగా కాల్చిన జాడీలు తయారుచేసి అమ్మేవాడు. ప్రతి జాడీ మీదా తన పేరును, తన కార్ఖానా ఉన్న కోర్లియర్స్ హుక్ అనే రేవు ప్రాంతం పేరును అచ్చు గుద్దేవాడు. పాతవస్తువులను సేకరించేవారు ఇరవయ్యో శతాబ్దంలో ఆ జాడీలను వెతికి వెతికి కొన్నారు, వాటి గురించి వ్యాసాలు రాశారు, ఆ కుమ్మరిని ఐరోపా సంతతికి చెందిన తెల్లజాతి మనిషిగానే లెక్కించారు. 2000 తర్వాత ఒక పరిశోధకుడు పాత జనాభా లెక్కల పుస్తకాలు తిరగేస్తుండగా కొమెరా స్వతంత్రుడైన నల్లజాతీయుడని బయటపడింది. 2023లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ ఆయన పనితో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది.

ఇందులో ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. లెక్కల పుస్తకాలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. మంచి జాడీ మీద ఒక పేరు కనిపించగానే, ఆ పేరు గలవాడు తెల్లవాడే అయివుంటాడని చూసేవారి మనసు ఖాళీని తనంతట తానే పూరించుకుంది. చేతిపని రంగంలో జాతి వివక్ష, లింగ వివక్ష అన్న విషయాన్ని విడమరచి చెప్పవలసి వచ్చినప్పుడు ముందుగా ఈ ఉదంతాన్ని ఎత్తుకోవడానికి కారణం అదే. వివక్ష అనగానే వాకిట్లో అడ్డంగా నిలబడి లోపలికి రావద్దనే మనిషి మనకు గుర్తుకొస్తాడు. అలాంటి మనుషులూ ఉన్నారు, వారి సంగతీ వస్తుంది. అయితే కళ, వృత్తి, సంప్రదాయం, ఇంటిపని అనే మాటల మధ్య గీతలు గీసిన తీరులోనే ఈ రంగపు అసమానత వేళ్లూనుకుని ఉందని నా అభిప్రాయం. ఎవరి పని ఏ మాట కిందికి వస్తుందన్నది చాలాసార్లు పని నాణ్యతను బట్టి కాక, చేసిన మనిషిని బట్టి తేలుతూ వచ్చింది.

ఆ గీత గీసిన క్షణాల్లో ఒకటి చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాసంస్థ 1768లో ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఏంజెలికా కాఫ్‌మన్, మేరీ మోసర్ అనే ఇద్దరు స్త్రీలున్నారు. కానీ కొద్దికాలానికే ఆ సంస్థ తన ప్రదర్శనల్లోకి సూదిపనినీ, కాగితం కత్తిరింపులనూ, కృత్రిమ పుష్పాలనూ, గవ్వల పనినీ అనుమతించరాదని తీర్మానించింది. స్త్రీ అన్న మాట ఆ తీర్మానంలో ఎక్కడా లేదు. లేకపోయినా, ఆనాటి స్త్రీలకు నేర్చుకునే వీలున్న పనుల్లో చాలా ఒక్క వాక్యంతో కళ పరిధికి బయట పడ్డాయి. ఆ ఇద్దరి తర్వాత మరొక స్త్రీ పూర్తి సభ్యురాలు కావడానికి 1936 దాకా, లారా నైట్ ఎన్నికయ్యేదాకా ఆగవలసి వచ్చింది.

వృత్తి సంఘాల కథ అంతకంటే పాతది. ఐరోపా నగరాల్లో ఒక పని చేసుకుని బతకాలంటే ఆ పనికి సంబంధించిన సంఘంలో ఏళ్ల తరబడి శిష్యరికం చేసి, చివరికి గురుస్థానం పొందాలి. చాలా సంఘాల్లో ఆ స్థానం మగవారికే దక్కేది. భర్త చనిపోతే కార్ఖానా నడుపుకునే హక్కు వితంతువుకు కొన్నిచోట్ల ఉండేది గాని, అది ఆమె నైపుణ్యానికి ఇచ్చిన గుర్తింపు కాదు, భర్త స్థానం నుంచి సంక్రమించిన సౌకర్యం మాత్రమే. 1675లో పారిస్ కుట్టుపని స్త్రీలు సొంత సంఘం పొందడం వంటి మినహాయింపులు లేకపోలేదు. యూదులకైతే అనేక నగరాల్లో సంఘాల తలుపులు పూర్తిగా మూసి ఉండేవి.

పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో చేతిపనికి తిరిగి గౌరవం తేవాలన్న ఉద్యమం వచ్చినప్పుడు పరిస్థితి మారవలసింది. యంత్రం మనిషిని చిన్నబుచ్చుతోందని, చేతితో చేసే పనిలో ఆనందం ఉందని బలంగా నమ్మిన మనుషులు వారు. 1884లో ఏర్పడిన ఆర్ట్ వర్కర్స్ గిల్డ్ అనే సంఘం మాత్రం ఎనభై ఏళ్లపాటు స్త్రీలను చేర్చుకోలేదు. 1885లో, 23 ఏళ్ల వయసులో, ఆ ఉద్యమ సారథుల్లో ఒకరైన తండ్రి విలియం మోరిస్ సంస్థలో ఎంబ్రాయిడరీ విభాగాన్ని చేపట్టిన మే మోరిస్‌కు సైతం అక్కడ చోటు లేదు. ఆమె, తోటివారు కలిసి 1907లో విమెన్స్ గిల్డ్ ఆఫ్ ఆర్ట్స్‌ను విడిగా స్థాపించుకున్నారు. విడి సంఘంతో కొంత అండ దొరికిన మాట నిజమే. కానీ పెద్ద పనులు పంచుకునే పరిచయాలు, భవనాల గుత్తలు, వాస్తుశిల్పులతో స్నేహాలు అన్నీ మొదటి సంఘపు గదుల్లోనే ఉండిపోయాయి.

అదే కాలంలో న్యూయార్క్‌లోని టిఫనీ స్టూడియోల్లో రంగుగాజు ముక్కలను ఎంచి కత్తిరించే స్త్రీల విభాగానికి క్లారా డ్రిస్కాల్ పెద్దగా ఉండేది. పెళ్లయిన స్త్రీలు అక్కడ పనిలో కొనసాగడానికి వీల్లేదు. స్త్రీలు రంగుగాజు కిటికీల పని కూడా చేస్తున్నారని 1903లో మగ పనివారి యూనియన్ తిరగబడింది. స్త్రీల విభాగం 27 మందిని మించరాదన్న షరతుతో రాజీ కుదిరింది. ప్రపంచమంతా టిఫనీ పేరుతో మెచ్చుకున్న దీపాల్లో అనేకం డ్రిస్కాల్ రూపకల్పనలేనని, ఆమె ఇంటివారికి రాసిన ఉత్తరాలు దాదాపు వందేళ్ల తర్వాత పరిశోధకుల కంటబడితే గాని బయటి ప్రపంచానికి తెలియలేదు. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, ఇక్కడ చెయ్యి ఒకరిది, పేరు మరొకరిది. పేరు లేకపోవడం కేవలం మనసుకు కలిగే కష్టం కాదు. చేతిపని రంగంలో ధర పేరును బట్టి పలుకుతుంది. పేరు పోయినవారికి తమ పని విలువ పెరిగిన కొద్దీ దక్కవలసిన ఆదాయమూ పోతుంది.

ఈ విషయంలో అందరికంటే ఎక్కువ ఆలోచింపజేసే ఉదాహరణ జర్మనీలోని బౌహాస్ అనే కళా, రూపకల్పన విద్యాలయం. 1919లో వైమార్‌లో అది మొదలైనప్పుడు స్త్రీపురుషులకు పూర్తి సమానత్వం ఉంటుందని స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ ప్రకటించాడు. మొదటి విడతలో 84 మంది స్త్రీలు, 79 మంది పురుషులు చేరారు. ఆ సంఖ్యే పాలకులను కలవరపెట్టింది. మరుసటి ఏడాదికల్లా స్త్రీల ప్రవేశాన్ని తగ్గించాలన్న ఆలోచన గ్రోపియస్ నుంచే వచ్చింది. చేరినవారిని నేత, పుస్తకాల బైండింగు, కుమ్మరం వైపు పంపాలన్నారు. బైండింగు విభాగం త్వరలోనే మూతపడింది, కుమ్మరానికి స్త్రీలను తీసుకోవడం అక్కడి గురువుకు ఇష్టం లేదు, చివరికి మిగిలింది మగ్గం. గాజుపని నేర్చుకోవాలని వచ్చిన ఆనీ ఆల్బర్స్ ఆ విధంగానే నేతలో అడుగుపెట్టింది. లోహపు పనిలో పట్టుబట్టి చోటు సంపాదించిన మేరియన్ బ్రాంట్‌కు మొదట్లో చిన్న చిన్న లోహపు గిన్నెలను సుత్తితో కొట్టే విసుగు పని అప్పగించారు. ఆమె 1924లో రూపొందించిన టీపాత్ర ఆ విద్యాలయం పేరు చెప్పగానే గుర్తుకొచ్చే వస్తువుల్లో ఒకటైంది.

విద్యాలయానికి నిలకడగా ఆదాయం తెచ్చిన విభాగాల్లో ఈ నేత విభాగమే ఒకటి. దాన్ని నడిపిన గుంటా స్టోల్జెల్ 1927లో గురుస్థానం పొందింది గాని, తోటి పురుష గురువుల జీతం ఆమెకు రాలేదు. ఆనీ ఆల్బర్స్‌కు 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఏకవ్యక్తి ప్రదర్శన దక్కింది. నేతకారులకు అక్కడ అటువంటి గౌరవం అదే మొదటిసారి. ఈ విజయాలను చూపి, ప్రతిభ ఉంటే ఎక్కడైనా పైకి రావచ్చునని వాదించేవారున్నారు. నాకు మాత్రం ఆ విభాగంలోనే పనిచేసిన ఒట్టి బెర్గర్ గుర్తుకొస్తుంది. తన వస్త్రాలు తన పేరుతోనే అమ్ముడుకావాలని కంపెనీలతో పోరాడి, తన నేత పద్ధతులకు పేటెంట్లు సంపాదించిన అరుదైన మనిషి ఆమె. యూదు స్త్రీ కావడం వల్ల నాజీ జర్మనీలో ఆమెకు వృత్తి చేసుకునే అనుమతి పోయింది. లండన్ వెళ్లినా నిలదొక్కుకోలేక, జబ్బుపడిన తల్లికోసం యుగోస్లావియాకు తిరిగి వెళ్లి, 1944లో ఆష్‌విట్జ్ నాజీ శిబిరంలో ప్రాణాలు కోల్పోయింది. స్త్రీ అయినందుకు మగ్గం దగ్గరికి పంపిన వ్యవస్థలో ఆమె పైకి రాగలిగింది. జాతి పేరుతో వచ్చిన వేటును తప్పించుకోలేకపోయింది. రెండు వివక్షలు కలిసినప్పుడు ఒకదాని పక్కన మరొకటి చేరడం కాదు, ఒకదాని నుంచి బయటపడే దారిని రెండోది మూసేస్తుంది.

జాతి వివక్షలో చట్టం పాత్ర మరింత బాహాటంగా ఉండేది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కమ్మరం, వడ్రంగం, కుమ్మరం, తాపీపని పెద్ద ఎత్తున బానిసల చేతుల మీదుగా నడిచాయి. దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో డేవ్ అనే బానిస కుమ్మరి, స్వేచ్ఛ వచ్చాక డేవిడ్ డ్రేక్‌గా పేరు పెట్టుకున్నవాడు, 40 గ్యాలన్లు పట్టేంత జాడీలు చేశాడు. బానిసలకు చదువు చెప్పడాన్ని నిషేధిస్తూ ఆ రాష్ట్రం 1834లో చట్టం చేసింది. ఆ ఏడాది నుంచే ఆయన జాడీల పచ్చి మట్టి మీద తేదీ, రెండేసి పాదాల పద్యాలు, తర్వాత్తర్వాత తన పేరు చెక్కడం కనిపిస్తుంది. తన వాళ్లంతా ఎక్కడున్నారోనని 1857లో ఒక జాడీ మీద రాసుకున్నాడు. ఆయన చేసిన ఒక జాడీ 2021లో వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆయన బానిసగా ఉన్నంతకాలం ఆ చేతుల కూలి కూడా యజమానిదే.

స్వతంత్రులైన నల్లజాతి పనివారి పరిస్థితి కూడా తెల్లవారి దయ మీదే ఆధారపడి ఉండేది. ఉత్తర కరోలినాలో థామస్ డే పేరుమోసిన వడ్రంగి. 1850 నాటికి ఆ రాష్ట్రంలోకెల్లా పెద్ద ఫర్నిచర్ కార్ఖానా ఆయనదే. 1830లో ఆయన వర్జీనియాకు చెందిన స్త్రీని పెళ్లాడితే, స్వతంత్ర నల్లజాతీయులు బయటి నుంచి వచ్చి స్థిరపడరాదన్న చట్టం ఆమెకు అడ్డొచ్చింది. ఊళ్లోని తెల్లవారు అర్జీ పెట్టి, శాసనసభ ఆమె కోసం ప్రత్యేక చట్టం చేస్తే గాని ఆమె భర్త ఇంటికి రాలేకపోయింది. దీన్ని గౌరవంగా చూపే కథనాలున్నాయి. ఎంత నైపుణ్యం ఉంటే ఒక మనిషి తన భార్యతో కలిసి ఉండగలిగాడన్నది నాకు గౌరవంగా తోచదు.

జాతి పేరెత్తని నిబంధనలు ఇంతకంటే ఎక్కువకాలం మన్నుతాయి. దక్షిణాఫ్రికాలో 1922 నాటి శిష్యరిక చట్టం నల్లజాతీయులను చేర్చుకోవద్దని ఎక్కడా అనలేదు. అక్కడి బడుల్లో స్టాండర్డ్ సిక్స్ అనే, ఎనిమిదో ఏటి చదువుకు సమానమైన తరగతి ఉత్తీర్ణులై ఉండాలని మాత్రమే అంది. నల్లజాతి పిల్లల్లో అత్యధికులకు ఆ తరగతి దాకా బడి అందుబాటులో లేనప్పుడు ఆ షరతే గోడగా పనిచేసింది. అమెరికాలో లూసియానాలోని గ్రామర్సీ వద్ద ఉన్న కైజర్ అల్యూమినియం కర్మాగారం ఉదంతమూ ఈ కోవలోదే. అక్కడ నైపుణ్య వృత్తుల్లో ఉన్న 273 మందిలో నల్లజాతీయులు ఐదుగురే. చుట్టుపక్కల శ్రామికుల్లో వారు 39 శాతం. కారణం, ఆ ఉద్యోగాలకు పూర్వానుభవం కావాలి. అనుభవం వృత్తి యూనియన్ల ద్వారా వస్తుంది. ఆ యూనియన్లు నల్లజాతీయులను చేర్చుకునేవి కావు. 1974లో కంపెనీ, కార్మిక సంఘం కలిసి శిక్షణ స్థానాల్లో సగం నల్లజాతీయులకు కేటాయించగా, ఒక తెల్లజాతి కార్మికుడు కోర్టుకెక్కాడు. 1979లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును సమర్థించింది. ముందు శిక్షణ ఇవ్వకుండా తర్వాత అనుభవం అడగడం ఎంత అన్యాయమో ఆ కేసు ప్రపంచానికి విప్పి చూపింది.

ఇప్పుడు సంప్రదాయం అనే మాటకు వద్దాం. మెచ్చుకోలు రూపంలో నడిచే వివక్షకు ఇది ఆలవాలం. ఉత్తర నైజీరియాలోని క్వాలి అనే పల్లెలో గ్వారి స్త్రీలు తరతరాలుగా సారె లేకుండా, మట్టిని తీగలుగా పేర్చి చేత్తోనే కుండలు కట్టేవారు. లాడి క్వాలి ఆ విద్యను మేనత్త దగ్గర నేర్చుకుంది. బ్రిటిష్ కుమ్మరి మైకేల్ కార్డ్యూ అబుజాలో, ఇప్పటి సులేజా పట్టణంలో, వలస ప్రభుత్వం తరఫున కుమ్మర శిక్షణ కేంద్రం పెట్టాడు. చుట్టూ కుండలు చేసేవారు స్త్రీలే అయినా, కేంద్రంలో చేరిన మొదటి స్త్రీ 1954లో వచ్చిన లాడి క్వాలియే. గాజుపూత, అధిక వేడి గల ఆవం ఆమె అక్కడ నేర్చుకున్న కొత్త విషయాలు. ఆకారం, చెక్కడం, చేతి లాఘవం ఆమె వెంట తెచ్చుకున్నవి. బ్రిటన్‌లో ఆమె ప్రేక్షకుల ముందు కుండ కట్టి చూపించింది, 1962లో బ్రిటిష్ ప్రభుత్వ బిరుదు పొందింది, నైజీరియా 20 నైరాల నోటు మీదికి ఆమె బొమ్మ ఎక్కింది.

ఇంత గుర్తింపు వచ్చాక ఫిర్యాదేమిటని అడగవచ్చు. కేంద్రంలో నేర్పింది శిక్షణ అనిపించుకుంది, మేనత్త నేర్పింది ఆచారం అనిపించుకుంది. రెండూ ఏళ్ల సాధనే. రెండింటిలోనూ మట్టిని ఎంచడం, పాళ్లు కలపడం, పగుళ్లను ముందే పసిగట్టడం ఉన్నాయి. ఒకదాని వెనుక ఉన్నది వ్యక్తి మేధ అని, మరొకదాని వెనుక ఉన్నది జాతి సహజగుణమని చెప్పడంలోనే వివక్ష ఉంది. కెన్యాలో 1950లో పుట్టి ఇంగ్లండ్‌లో చదువుకున్న మాగ్డలీన్ ఒడుండో 1974లో అబుజా వెళ్లి, చేత్తో కుండ కట్టడం లాడి క్వాలి దగ్గర నేర్చుకుంది. ఒడుండో పాత్రలు నేడు సమకాలీన కళగా ప్రపంచ మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ పాత్రల వంశవృక్షంలో క్వాలి పల్లె స్త్రీలను గురువులుగా చూసినప్పుడే ఆ గౌరవం పూర్తవుతుంది.

అమెరికాలో పాత గుడ్డలతో కుట్టే బొంతల చరిత్ర ఇదే మాటను డబ్బు లెక్కల్లో చెబుతుంది. బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ బైబిల్ కథలను బొమ్మలుగా కుట్టిన బొంతను 1886లో జార్జియాలోని ఒక సంతలో ప్రదర్శించింది. ఒక చిత్రలేఖన ఉపాధ్యాయిని అడిగితే అమ్మనంది. తర్వాత చేతిలో డబ్బు లేక తానే పది డాలర్లకు ఇస్తానని వెళ్లి, ఐదు డాలర్లకు ఇచ్చివచ్చింది. బొంతను చూసుకోవడానికి మళ్లీ మళ్లీ ఆ ఇంటికి వెళ్లేది. అది నేడు స్మిత్‌సోనియన్ సంస్థలో ఉంది. అలబామాలోని గీస్ బెండ్ ప్రాంతపు నల్లజాతి స్త్రీలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని, పెద్ద దుకాణాలకు సరుకు అందించారు. దుకాణాలకు కావలసింది ఒకే కొలతలో ఒకేలా ఉండే సరుకు. వారి ఇళ్లలోని బొంతలేమో ఏ రెండూ ఒకేలా ఉండనివి. ఆ ఇంటి బొంతలను 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకెక్కిస్తే విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చి పొగిడారు, 2006లో తపాలా బిళ్లలు వచ్చాయి. తమకు రావలసినంత రాలేదని కొందరు కుట్టినవారు 2007లో కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఆ దావాలు తర్వాత పరిష్కారమయ్యాయి.

నేటి పరిస్థితిలో రావద్దనే బోర్డులు లేవు. ఇప్పుడు అడ్డొచ్చేది ప్రధానంగా కాలం, దాన్ని కొనుక్కునే డబ్బు. చేతిపనిలో చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో జీతం లేని శిష్యరికం, చోటుకు అద్దె, ఆవానికో మగ్గానికో పెట్టుబడి, ప్రదర్శనల్లో బల్లకు రుసుము భరించాలి. కుటుంబంలో మరొకరి సంపాదనో, తాతల నాటి ఆస్తో ఉన్నవారు అన్ని ఏళ్లు ఆగగలరు. జాతి వివక్ష వల్ల తరాలుగా ఆస్తి పోగుపడని కుటుంబాల పిల్లలు ఆగలేరు. పిల్లలను చూసుకునే స్త్రీలకు నెలల తరబడి ఇల్లు వదిలి ఉండే శిక్షణ శిబిరాలు అందవు. ఎంపిక సంఘంలో ఎవరూ చెడ్డవారు కాకపోయినా, దరఖాస్తుల దాకా వచ్చేవారి జాబితా అప్పటికే వడపోతకు గురై ఉంటుంది.

ఆ వడపోతను దాటివచ్చిన నల్లజాతి, ఆసియా సంతతి స్త్రీలకు ఎదురయ్యే మరో ఇబ్బందిని బ్రిటన్‌లో వారితో మాట్లాడిన పరిశోధకులు నమోదు చేశారు. ఈ పని నిజంగా మీరే చేశారా అన్న అనుమానం వారిని వెంటాడుతుంది. మీ సంస్కృతి ఇందులో ఎక్కడుందన్న ప్రశ్న కూడా. తెల్లజాతి కుమ్మరి జపాన్ గాజుపూతనైనా ఆఫ్రికా ఆకారాన్నైనా తీసుకుంటే అది అధ్యయనం, స్వేచ్ఛ. నల్లజాతి కుమ్మరి సాదా తెల్లని గిన్నె చేస్తే ఆమె తన మూలాలకు దూరమైందంటారు. మూలాలను చూపిస్తే ఆ పనిని జానపదం అరలో పెడతారు. ఎటు వెళ్లినా తప్పే అయ్యే ఈ చిక్కు నైపుణ్యం పెంచుకుంటే తీరేది కాదు.

ఈ రంగంలో స్త్రీలు చాలామందే ఉన్నప్పుడు లింగ వివక్ష ఎక్కడిదన్న వాదనకూ సమాధానం చెప్పాలి. సంఖ్య వేరు, స్థానం వేరు. బౌహాస్ నేత విభాగం నిండా స్త్రీలే. జీతపు పట్టికలో తేడా మాత్రం పోలేదు. పైగా స్త్రీలు ఎక్కువగా ఉన్న పనిని తీరికవేళ వ్యాపకంగా చూసి, దానికి తగిన ధర అడగడమే అత్యాశ అన్నట్టు మాట్లాడే అలవాటు ఉంది. దారంతో చేస్తే చేతిపని, కాగితం మీద గీస్తే కళ అయిపోతుందని ఆనీ ఆల్బర్స్ గమనించింది; జీవితపు చివరి దశాబ్దాల్లో ఆమె మగ్గం వదిలి అచ్చుచిత్రాల వైపు మళ్లింది.

పరిష్కారాల్లో దేనికదే పరిమితి. పని మీద పేరు వేయాలన్నది న్యాయమే గాని, సమష్టిగా చేసే పనికి ఒక్క పేరు సరిపోదు. న్యూమెక్సికోలోని సాన్ ఇల్డెఫోన్సో తెగకు చెందిన మరియా మార్టినెజ్ సంతకానికి గిరాకీ పెరిగినప్పుడు, తోటి స్త్రీలు చేసిన కుండల మీదా తన పేరు వేసి ఇచ్చేది. సంత కోరిన సంతకాన్ని ఆమె ఊరి పద్ధతిలో పంచిపెట్టింది. అమెరికా మూలవాసుల పనిగా నకిలీ సరుకు అమ్మేవారికి శిక్ష విధిస్తూ 1990లో చట్టం వచ్చింది. అది నకిలీని ఆపగలదు, అసలు పనికి ధర పెంచలేదు. జీతంతో కూడిన శిష్యరికం అన్నిటికంటే లోతుగా పనిచేస్తుందని నా నమ్మకం, ఎందుకంటే అది కాలాన్ని కొనిస్తుంది. అయితే లక్ష్యం పెట్టగానే సరిపోదు. అమెరికాలో సమాఖ్య ప్రభుత్వ నిధులతో సాగే నిర్మాణ పనుల్లో, వడ్రంగం, తాపీ, వెల్డింగు వంటి ఒక్కో వృత్తిలో జరిగే పనిగంటల్లో స్త్రీల వాటా 6.9 శాతం ఉండాలని 1978లో లక్ష్యం పెట్టారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ అంకెను పెంచలేదు.